పనికి పూచీ పడేవాళ్లు: పల్సానా మిల్లులు, సూరత్ తెలుగువాళ్లు, స్వచ్ఛంద సేవ

స్వచ్ఛంద సేవ ద్వారా ఉపాధి అనే మాట కింద రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. పని దొరకడం కష్టమైన మనిషికి ఇరుగుపొరుగో, భాషా సంఘమో, సేవాసంస్థో జీతం ఆశించకుండా తోడు నిలిచి పనిలో కుదర్చడం ఒకటి. ఆ మనిషే ముందు ఏదో ఒక సేవలో చేరి, అక్కడ వచ్చిన అనుభవంతో, పరిచయాలతో జీతం పనికి చేరడం రెండోది. వికలాంగులు, ఒంటరి స్త్రీలు, స్థానిక భాష రాని వలస కార్మికులు, చదువు మధ్యలో మానేసినవాళ్లు, జైలు నుంచి విడుదలైనవాళ్లు, ప్రమాదంలో దెబ్బతిని పాత పనికి పోలేనివాళ్లు ఈ సాయం అవసరమైనవారిలో ముఖ్యులు. గుజరాత్‌లోని పల్సానా ప్రాంతంతో మొదలుపెట్టి తెలుగు నేల మీదా, బయటి దేశాల్లోనూ జరిగిన ప్రయత్నాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతం, పని

సూరత్ నగరానికి దక్షిణంగా, ముంబై వెళ్లే 48వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న తాలూకా కేంద్రం పల్సానా. కడోదరా, చల్థాణ్, వరేలీ దీని పరిధిలోవే. కడోదరా కూడలి దగ్గర ఈ రహదారికి సూరత్ నుంచి బార్డోలీ మీదుగా ధులే వైపు వెళ్లే రహదారి కలుస్తుంది. ఇది మొదట చెరకు ప్రాంతం. చల్థాణ్‌లో సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉంది. సూరత్ కృత్రిమ నూలు బట్టల పరిశ్రమ నగరంలో ఇరుకై ఇటు విస్తరించాక మరమగ్గాల షెడ్లు, రంగుల అద్దకం, ప్రింటింగ్ మిల్లులు, పల్సానాలో టెక్స్‌టైల్ పార్కు వచ్చాయి. నేసిన ముడి బట్టను ఇక్కడ అందరూ గ్రే అంటారు. అది జెట్ మెషిన్లో రంగు పట్టించుకుని, స్టెంటర్ అనే యంత్రం మీద ఆరి, మడతపడి, చీరల కట్టలుగా సూరత్ రింగురోడ్డు మార్కెట్లకు చేరుతుంది.

ఈ పనుల్లో స్థానికుల కంటే బయటివాళ్లే ఎక్కువ. ఒడిశాలోని గంజాం, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి వచ్చినవాళ్లతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. సూరత్ తెలుగువాళ్లలో పెద్ద భాగం పద్మశాలీలు. పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల్లో చేమగ్గం కూడు పెట్టలేని కాలంలో భీవండి, షోలాపూర్‌లతోపాటు సూరత్ దారి పట్టినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. లింబాయత్, ఉధనా, డిండోలీ వైపు వీళ్ల వాడలు ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడపడం, ఏటా బతుకమ్మ ఆడటం ఈ వలస ఎంత పాతదో, ఎంత పెద్దదో చెబుతాయి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు, దాన్ని నడిపించే చిన్న యజమాని ఆసామి. బీములు పోయడం, కండెలు చుట్టడం తెలిసిన చేతులకు సూరత్‌లో యంత్రం కొత్త కాలేదు. భాష, మనుషులే కొత్త.

స్థానికుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ తాలూకాల్లో భూమి లేని కూలీలుగా తరతరాలుగా బతికినవాళ్లు హళపతులు. పెళ్లికి తెచ్చిన అప్పు కింద కూలీని భూస్వామి దగ్గర కట్టిపడేసే హాళీ పద్ధతి ఇక్కడిదే. డచ్చి సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1960ల నుంచి దక్షిణ గుజరాత్ పల్లెల్లో తిరిగి దీని మీద విస్తారంగా రాశాడు. మిల్లులు తమ ఊరి పొలిమేరలోనే వెలిసినా ఆ ఉద్యోగాలు హళపతులకు పెద్దగా అందలేదు. మిల్లు దగ్గరుండటం వేరు, మిల్లులోకి పిలిచేవాడు ఉండటం వేరు.

పని ఎలా దొరుకుతుంది

సూరత్ వస్త్ర పరిశ్రమలో పని ప్రకటనల ద్వారా దొరికేది తక్కువ. షెడ్డులో ఒక మగ్గం ఖాళీ అయితే ఠేకేదారు (కాంట్రాక్టరు) తన దగ్గరున్న కార్మికుణ్ణి అడుగుతాడు. అతను ఊరికి ఫోన్ చేస్తాడు. బావమరిదో, పక్కింటి కుర్రాడో రైలెక్కుతాడు. పిలిపించినవాడి గదిలోనే పడుకుని, అతని పక్కనే హెల్పర్‌గా నిలబడి పని నేర్చుకుంటాడు. కొత్తవాడు అడ్వాన్సు తీసుకుని మాయమైతే, నూలు పాడు చేస్తే, అడిగేది పిలిపించినవాణ్ణే. అంటే ప్రతి ఉద్యోగం వెనుకా ఒక మనిషి పూచీ ఉంటుంది. ఊరి నుంచి వచ్చిన అనామకుడికి మహానగరంలో మొదటి జీతం ఇప్పించేది ఈ పూచీయే. అందుకే దాన్ని తేలిగ్గా తీసేయలేం.

చదువుకున్నవాళ్ల లోకమూ ఇంతే. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ మసాచుసెట్స్‌లోని న్యూటన్ పట్టణంలో వృత్తి నిపుణులు, సాంకేతిక ఉద్యోగులు, మేనేజర్లు తమ ఉద్యోగాలు ఎలా సంపాదించారో అడిగి 1974లో పుస్తకంగా వేశాడు. సగానికి పైగా, 56 శాతం మందికి, ఉద్యోగం మనుషుల ద్వారానే తెలిసింది. ఇంకా ముఖ్యమైన విషయం, ఆ సమాచారం ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది తరచూ కలిసే ఆప్తులు కారు, అప్పుడప్పుడు పలకరించుకునే పరిచయస్తులు. మనకు తెలిసిందే మన దగ్గరివాళ్లకూ తెలిసి ఉంటుంది కాబట్టి, తెలియని కబురు తెచ్చేది దూరపు పరిచయమే.

పూచీ మీద నడిచే వ్యవస్థలో ఎవరు మిగిలిపోతారో దీన్నిబట్టే తెలుస్తుంది. పూచీ పడేవాడు తన పరువును పణంగా పెడుతున్నాడు కనుక అనుమానం ఉన్న మనిషికి పడడు. మగ్గంలో వేళ్లు పోయినవాడు, చెవులు వినపడనివాడు, భర్త చనిపోయి పిల్లలతో మిగిలిన స్త్రీ, జైలుకెళ్లి వచ్చినవాడు వరసలో చివరకు జరుగుతారు. లేదా అసలు వరసలోకే రారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉండగా, వాళ్లలో ఏదో ఒక పని చేస్తున్నవాళ్లు 36 శాతమే. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కేటాయించింది. ప్రైవేటు యజమానులకు అలాంటి కోటా పెట్టలేదు, ప్రోత్సాహకాలు చెప్పింది. పల్సానా మిల్లు గేటు దగ్గర ఆ చట్టానికి బలం తక్కువ.

చెవుడు సంగతే చూడండి. మరమగ్గాల షెడ్డులోకి అడుగు పెడితే పక్క మనిషి అరిచినా వినపడదు. పదుల కొద్దీ మగ్గాలు ఒకేసారి కొడుతుంటే అక్కడ పనిచేసేవాళ్లందరూ చేతి సైగలతో, పెదవుల కదలికతోనే మాట్లాడుకుంటారు. దారం తెగిందని చెప్పడానికి వేలు విరిచినట్టు చూపిస్తారు, ఠేకేదారు వస్తున్నాడంటే కళ్లతో గేటు వైపు చూపిస్తారు. ఇంగ్లండులోని లాంకషైర్ నేతమిల్లుల్లో కార్మికులు ఇలా పెదవులు చూసి మాట్లాడుకునే పద్ధతికి మీ-మా అనే పేరే ఉండేది. అంటే పుట్టుచెవుడు ఉన్న మనిషి మిగతావాళ్లకంటే వెనుకబడని చోటు ఏదైనా ఉందంటే అది మగ్గాల షెడ్డు. పైగా ఆ మోతలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు వినికిడి తగ్గుతుందన్నది వైద్యులు ఎప్పుడో తేల్చిన విషయం. అయినా చెవిటి కుర్రాణ్ణి కొత్తగా పెట్టుకోవడానికి ఠేకేదారు జంకుతాడు. ప్రమాదం జరిగితే కేక వినపడదంటాడు. ఆ భయం నిరాధారం కాదు. కానీ గోడకు ఒక ఎర్ర దీపం బిగిస్తే, పక్క మగ్గం మనిషికి భుజం తట్టే బాధ్యత అప్పగిస్తే ఆ భయం తీరుతుంది. ఆ మాట ఠేకేదారుతో కూర్చుని చెప్పే మూడో మనిషి కావాలి. స్వచ్ఛంద సేవకుడి అసలు పని ఇది.

సేవకులు చేసేది ఏమిటి

బయటినుంచి చూసేవాళ్లకు ఉపాధి సాయం అంటే శిక్షణ తరగతి గుర్తొస్తుంది. పల్సానా వంటి చోట సేవకుడి సమయం ఎక్కువగా కాగితాలకే పోతుంది. ఆధార్‌లో ఊరి చిరునామా ఉంటుంది, అద్దె గదికి ఒప్పందం ఉండదు, బ్యాంకు ఖాతా ఊళ్లో ఉంటుంది. వైకల్య ధ్రువపత్రం కోసం ప్రభుత్వాసుపత్రికి ఏ రోజు వెళ్లాలో తెలియదు, వెళ్లిన రోజు కూలీ పోతుంది. గుజరాతీ ఫారం చదివి పెట్టేవాడు, డాక్టరు అడిగినదాన్ని తెలుగులో చెప్పేవాడు ఒకడుంటే మూడు తిరుగుళ్లు ఒకటవుతాయి. అసంఘటిత కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 26న ఈ-శ్రమ్ పోర్టల్ ప్రారంభించింది. ఫోను నంబరు ఆధార్‌తో ముడిపడి లేని కార్మికుడికి ఆ నమోదు కూడా ఒకరి చేయి పట్టుకుంటేనే అయ్యే పని.

కాగితాల తర్వాత వచ్చేది తొలి రోజు. కొత్త మనిషిని గేటు దాకా తీసుకెళ్లి సూపర్‌వైజర్‌కు పరిచయం చేయడం, మరుగుదొడ్డి ఎక్కడుందో, అన్నం ఎక్కడ తినాలో చూపించడం, రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లి ఇద్దరినీ విడివిడిగా అడగడం. ఇలా రెండోసారి వెళ్లడం చాలామంది చేయరు. కుదిర్చిన పని నెలలోపే పోవడానికి కారణం చాలాసార్లు చేతకానితనం కాదు. ఎవరికీ చెప్పుకోలేని చిన్న ఇబ్బంది. నెలసరి రోజుల్లో గంటసేపు కూర్చోనివ్వరని ఒక స్త్రీ మానేస్తుంది, కుంటి కాలుతో మెట్లు ఎక్కలేక ఒకడు మానేస్తాడు. మడతల విభాగం కింది అంతస్తులోనే ఉందని ఎవరైనా గుర్తు చేస్తే పనిలో నిలిచేవాడు.

ఇంట్లోనే ఉండాల్సిన స్త్రీల సంగతి వేరు. చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అతికించడం, వేలాడే దారాలు కత్తిరించడం సూరత్ వాడల్లో ఇంటింటా జరిగే ముక్కపని. దళారి చెప్పిన ధరే ధర. గుజరాత్‌లోనే 1972లో ఇలా భట్ స్థాపించిన ‘సేవ’ అనే స్త్రీల సంఘం ఇటువంటి స్త్రీలను కూడగట్టి, వాళ్లను కార్మికులుగా గుర్తించేలా చేసింది. ఒక్కో ఇంటి గుమ్మంలో ఒంటరిగా ధర మాట్లాడే స్త్రీలు పదిమంది కలిసి మాట్లాడితే ఏం జరుగుతుందో చూపించిన అనుభవం అది. వడోదరలోని పీపుల్స్ ట్రైనింగ్ అండ్ రీసెర్చ్ సెంటర్ సూరత్ మరమగ్గాల కార్మికుల ప్రమాదాల మీద, వృత్తి వ్యాధుల మీద పనిచేసింది. ఉదయపూర్ కేంద్రంగా 2005లో మొదలైన ఆజీవికా బ్యూరో వలస కార్మికుల గుర్తింపు, ఎగవేసిన వేతనాల వంటి విషయాల్లో సాయపడుతోంది.

ఇటువంటి అల్లిక లేనప్పుడు ఏమవుతుందో 2020లో కనిపించింది. లాక్‌డౌన్‌లో మిల్లులు ఆగాక, ఊళ్లకు పంపమని సూరత్ కార్మికులు పలుమార్లు రోడ్డెక్కారు. మే 4న పల్సానా తాలూకాలోని వరేలీలో కార్మికులకూ పోలీసులకూ మధ్య ఘర్షణ జరిగి బాష్పవాయువు ప్రయోగించారు. అంతకు మూడు రోజుల ముందే, మే 1న, దేశంలో మొదటి శ్రామిక్ రైలు తెలంగాణలోని లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. వలస కార్మికుల పేర్లు రాసిపెట్టుకోవాలని అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే చెప్పినా, ఆ వారాల్లో ఎవరు ఎక్కడున్నారో తెలిసింది చాలావరకు భాషా సంఘాలకూ సేవాసంస్థలకూ మాత్రమే.

తెలుగు నేల మీద

సేవలో చేరి తన కాళ్ల మీద తాను నిలబడటం అనే రెండో దారికి తెలుగువాళ్లకు గొప్ప ఉదాహరణ దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల సందర్భంగా ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిన వాలంటీరు ఆమె, అప్పటికి పద్నాలుగేళ్ల పిల్ల. బాల్యవివాహం నుంచి బయటపడి, జైలుకెళ్లి, ఆలస్యంగా మెట్రిక్ చదువుకుని, న్యాయవాది అయింది. 1937లో మద్రాసులో ఆమె మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ, చదువు ఆగిపోయిన స్త్రీలను బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారు చేసింది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలు. వయసు మీరిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షకు చదివే సంక్షిప్త కోర్సులు ఆ బోర్డు ద్వారా 1958 నుంచి దేశమంతటా నడిచాయి. ఎంతోమంది వితంతువులు, భర్త వదిలేసిన స్త్రీలు ఆ కోర్సులతోనే టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు అయ్యారు. దానికి ముందే 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరులో శారదా నికేతన్ పెట్టి స్త్రీలకు చదువుతోపాటు చేతిపని నేర్పించాడు.

ఈ కాలంలో దీనికి సాటి వచ్చేది స్వయం సహాయక సంఘాల సీఆర్పీలు, అంటే తమ పేదరికం నుంచి తాము బయటపడి, ఆ దారి మరొక ఊరికి చెప్పడానికి వెళ్లే స్త్రీలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, తయారు చేసిన ఈ స్త్రీలు బీహార్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాలకూ వెళ్లారు. హిందీ రాకపోయినా, ఒక ఊళ్లో పదిహేను రోజులు మకాం పెట్టి, నేల మీద కూర్చుని, తమ పొదుపు పుస్తకం తెరిచి చూపించి సంఘాలు పెట్టించారు. 2011లో వచ్చిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ఈ పద్ధతినే తీసుకుంది. రోజుకింత గౌరవ వేతనంతో మొదలైన ఆ సేవే చాలామందికి ఇంటి గడప దాటిన మొదటి ఉద్యోగం. చదువుకున్న నిపుణులు వంద ఉపన్యాసాలతో చేయలేనిది, అప్పుల్లోంచి తేలిన ఒక స్త్రీ పక్క రాష్ట్రంలో తనలాంటి స్త్రీకి తన కథ చెప్పి చేసింది. తెలుగు రాష్ట్రాలు దేశానికి ఇచ్చిన సామాజిక ఆవిష్కరణల్లో దీనికి దక్కాల్సిన పేరు ఇంకా దక్కలేదు.

వికలాంగుల విషయంలో హైదరాబాద్ ముఖ్య కేంద్రం. 2012లో మీరా షెనాయ్ మొదలుపెట్టిన యూత్‌ఫర్‌జాబ్స్, పల్లెల్లోని వికలాంగ యువతకు తక్కువ కాలం శిక్షణ ఇచ్చి దుకాణాల్లో, ఆఫీసుల్లో ఉద్యోగాలకు పంపుతుంది. యజమానులను ఒప్పించడం కూడా దాని పనిలో భాగమే. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్, ఇంటర్‌లో సైన్సు చదవనివ్వకపోతే కోర్టుకెళ్లి గెలిచాడు. పాఠాలను ఒక టీచరు ఆడియోగా మార్చి ఇచ్చింది. అమెరికాలోని ఎంఐటీలో చదివి వచ్చి 2012లో స్థాపించిన బొల్లాంట్ ఇండస్ట్రీస్‌లో వికలాంగులకు ఉద్యోగాలు ఇస్తున్నాడు. శ్రీకాంత్ పట్టుదల గురించి అందరూ చెబుతారు. ఆ టీచరు గొంతు గురించి కూడా చెప్పాలి. జీతంలో భాగం కాని ఆ గంటలు లేకపోతే ఆ పరీక్ష లేదు, ఆ కంపెనీ లేదు.

శిక్ష ముగించుకుని వచ్చినవాళ్లకు ఇలాంటి దారి తెలంగాణ జైళ్ల శాఖ చూపించింది. అది నడిపే పెట్రోలు బంకుల్లో ఖైదీలతోపాటు విడుదలైనవాళ్లూ పనిచేస్తారు. జైలు నుంచి వచ్చినవాడి మీద ప్రజల అనుమానం ఉపన్యాసంతో పోదు. రోజూ తన బండిలో పెట్రోలు పోసి చిల్లర సరిగ్గా ఇచ్చే మనిషిని చూస్తే పోతుంది. ఇదే తీరులో 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ సహాయకులుగా తీసుకున్నారు. కూడలిలో చేయి చాచి అడుక్కునేదిగా నగరం చూడటానికి అలవాటు పడిన మనిషి, అదే కూడలిలో వాహనాలను ఆపుతోంది.

బయటి దేశాల అనుభవం

న్యూయార్క్‌లో మానసిక వైద్యశాల నుంచి బయటికి వచ్చిన కొందరు తమకు తామే తోడుగా నిలవడంతో 1948లో ఫౌంటెన్ హౌస్ ఏర్పడింది. అక్కడ రోగులు ఉండరు, సభ్యులు ఉంటారు. వంట, లెక్కలు, ఫోన్ల దగ్గర కూర్చోవడం అన్నీ వాళ్లే జీతం లేకుండా చేస్తారు, అక్కడి నుంచి బయటి సంస్థల్లో జీతం ఉన్న తాత్కాలిక ఉద్యోగాలకు వెళ్తారు. 1990ల్లో అమెరికాలోనే వచ్చిన మరో పద్ధతి దీనికి కొంత ఎదురు వాదన. ముందు తయారీ, తర్వాత ఉద్యోగం అని ఏళ్లు గడపవద్దు, ముందు మామూలు ఉద్యోగంలో చేర్చి అక్కడే తోడుండండి అంటుంది. తీవ్ర మానసిక జబ్బు ఉన్నవాళ్ల మీద జరిగిన పరీక్షల్లో, ఈ పద్ధతిలో ఉద్యోగం దొరికినవాళ్లు పాత పద్ధతి కంటే రెట్టింపు దాకా ఉన్నారు. శిక్షణ పూర్తయ్యాక చూద్దాం అంటూ వికలాంగుల చేత ఏళ్ల తరబడి కొవ్వొత్తులూ కవర్లూ చేయించే మన సంస్థలు ఈ ఫలితాన్ని గమనించాలి.

సేవ చేసేవాళ్లకు పని త్వరగా దొరుకుతుందా అన్నదానిపై అమెరికా జాతీయ సేవా సంస్థ 2013లో ఒక అధ్యయనం వెలువరించింది. 2002 నుంచి 2012 దాకా లెక్కలు చూస్తే, నిరుద్యోగుల్లో సేవ చేసినవాళ్లకు పని దొరికే అవకాశం చేయనివాళ్ల కంటే 27 శాతం ఎక్కువ. హైస్కూలు పూర్తిచేయనివాళ్లలో అది 51 శాతం, పల్లెల్లో 55 శాతం. చురుకైన మనుషులే సేవకు వస్తారన్న అభ్యంతరం దీనికి ఉంది. అయినా చదువు, పరిచయాలు తక్కువున్నవాళ్లకే లాభం ఎక్కువ కనిపించడం విశేషం.

అమెరికా తెలుగువాళ్లలో ఇది బాగా తెలిసిన అనుభవం. హెచ్-4 వీసా మీద వెళ్లిన ఇంజినీర్లు, డాక్టర్లు అయిన భార్యలకు ఉద్యోగం చేసే హక్కు ఉండేది కాదు. 2015 మే 26 నుంచి కొందరికి అనుమతి వచ్చింది. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా, బడుల్లో, గ్రంథాలయాల్లో, గుళ్లలో చేసిన సేవే చాలామందికి ఆ దేశంలో మొదటి గుర్తింపు, మొదటి సిఫారసు లేఖ.

సేవ, వెట్టి

స్వచ్ఛందం అన్నమాటను అడ్డుపెట్టుకుని జీతం ఎగ్గొట్టడం ఈ రంగంలో మొదటినుంచీ ఉన్న జబ్బు. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పల్లెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1982లో మరో అడుగు వేసి, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం కూడా నిర్బంధ శ్రమే అంది. అయినా 1975లో మొదలైన అంగన్‌వాడీల్లో పనిచేసేవాళ్లను ప్రభుత్వాలు గౌరవ సేవకులుగానే లెక్కగట్టాయి. గుజరాత్‌లోని దాహోద్ జిల్లా అంగన్‌వాడీ స్త్రీల కేసులో 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని తేల్చడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ ఇదే ప్రశ్నను మరింత పెద్ద ఎత్తున లేపింది. పట్టణాలు, పల్లెలు కలిపి రెండున్నర లక్షల మందికి పైగా యువతీ యువకులు, నెలకు 5000 రూపాయల గౌరవ వేతనం, పల్లెల్లో ఒక్కొక్కరికీ యాభై ఇళ్లు. 2021లో వాళ్లు జీతం పెంచమని అడిగితే ఇది ఉద్యోగం కాదు, సేవ అని ప్రభుత్వం జవాబిచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ ఆగిపోయింది. వృద్ధుల ఇంటికి పింఛను తీసుకెళ్లి ఇవ్వడం నేర్చుకున్న ఆ పిల్లల అనుభవాన్ని ఏ ఉద్యోగ నియామకమూ అర్హతగా లెక్కించకపోవడం పెద్ద నష్టం. దీనికి భిన్నంగా, పేరుకు స్వచ్ఛంద దళమైన హోంగార్డులకు రెండు తెలుగు రాష్ట్రాల కానిస్టేబుల్ నియామకాల్లో ప్రత్యేక కోటా ఉంది. సేవ నుంచి ఉద్యోగానికి మెట్టు కట్టి పెట్టడం అంటే అదే.

బ్రిటన్‌లో మరో రకం అన్యాయం జరిగింది. 2011లో నిరుద్యోగ భృతి పొందుతూ, తన చదువుకు తగిన పని దొరుకుతుందని ఒక మ్యూజియంలో స్వచ్ఛందంగా పనిచేస్తున్న యువతిని ఆపి, ఒక దుకాణంలో జీతం లేకుండా రెండు వారాలు పని చేయకపోతే భృతి పోతుందన్నారు. ఆ నిబంధనలు చెల్లవని 2013లో ఆ దేశ సుప్రీంకోర్టు చెప్పింది. నిజమైన సేవను మాన్పించి నిర్బంధ సేవ చేయించిన ఉదాహరణ అది. ఎంతకాలం, ఎవరి లాభం కోసం, కాదనే హక్కు ఉందా అన్న మూడు ప్రశ్నలు అడిగితే సేవో వెట్టో తేలుతుంది. లాభం సంపాదించే మిల్లులో ఒక్క షిఫ్టు కూడా సేవ కింద చేయకూడదు.

పరీక్ష లేఖకులు

ఉపాధి కోసం సామాన్యుడు చేయగల సేవల్లో అతి సూటి అయినది, అతి తక్కువమంది చేసేది పరీక్ష లేఖకుడి పని. చూపు లేనివాళ్లు, చేతులు సహకరించనివాళ్లు బ్యాంకు, రైల్వే, గ్రూప్స్ పరీక్షలు రాయాలంటే ప్రశ్న చదివి, చెప్పిన జవాబు రాసే మనిషి కావాలి. 2013లో కేంద్రం జారీ చేసిన మార్గదర్శకాలు గంటకు కనీసం ఇరవై నిమిషాల అదనపు సమయం ఇవ్వాలన్నాయి. అభ్యర్థి తెచ్చుకునే లేఖకుడి చదువు అభ్యర్థి కంటే ఒక మెట్టు తక్కువగా ఉండాలని 2018 నిబంధనలు చెప్పాయి. నలభై శాతం వైకల్యం లేకపోయినా, రాయలేని ఇబ్బంది ఉంటే లేఖకుణ్ణి ఇవ్వాలని 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో తీర్పు చెప్పింది. దాని ఆధారంగా 2022 ఆగస్టులో మార్గదర్శకాలు వచ్చాయి. పరీక్ష నడిపే సంస్థలే లేఖకుల జాబితాలు తయారు చేసుకోవాలన్నది 2025 మార్గదర్శకాల ఉద్దేశం.

ఈ పని చూసినంత తేలిక కాదు. గణితంలో బ్రాకెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గొంతుతోనే చెప్పాలి. పటం ఉన్న ప్రశ్నలో గీతలను మాటల్లో వర్ణించాలి, కానీ జవాబు తెలిసిపోయేలా వర్ణించకూడదు. నాలుగు ఎంపికలనూ ఒకే వేగంతో, ఒకే స్వరంతో చదవాలి. సరైన జవాబు దగ్గర గొంతు కొంచెం ఆగినా అది మోసమే. అభ్యర్థి తప్పు చెబుతున్నాడని తెలిసినా అదే రాయాలి. రెండు మూడు గంటలు ఇలా కూర్చున్నవాడికి, పక్కన కూర్చున్న మనిషి ఎంత చదివాడో, ఎంత దూరం ఆలోచిస్తున్నాడో ఏ ఉపన్యాసమూ చెప్పనంతగా తెలుస్తుంది.

పరీక్షల రోజుల్లో లేఖకుడు చివరి నిమిషంలో రాక, ఏడాది చదువు వృథా అయిన అభ్యర్థులు ఉన్నారు. సూరత్ వంటి చోట తెలుగు, హిందీ రెండూ వచ్చిన పిల్లలకు ఈ పనిలో అదనపు విలువ ఉంది. పదో తరగతి, ఇంటర్ పూర్తయి సెలవుల్లో ఉన్న విద్యార్థులారా, మీ దగ్గర్లోని అంధుల పాఠశాలకో, వికలాంగుల వసతిగృహానికో వెళ్లి లేఖకులుగా పేరు రాయించండి. నోటిఫికేషన్‌లో ఆ పరీక్ష నిబంధనలు ఒకసారి చదువుకోండి. పరీక్షకు ముందు ఒక సాయంత్రం అభ్యర్థితో కూర్చుని పాత ప్రశ్నపత్రం ఒకటి పూర్తిగా సాధన చేయండి. పరీక్ష రోజు అరగంట ముందే కేంద్రం దగ్గర ఉండండి.